సొంత నవల సొంతంగా అచ్చు: జులై నుంచి మార్చి దాకా పని లెక్క

"నవల రాశాను. పబ్లిషర్ల చుట్టూ తిరిగే ఓపిక లేదు. నేనే వేసుకుంటే ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. విజయవాడలో గవర్నరుపేట, సూర్యారావుపేట చుట్టుపక్కల మూడు ప్రెస్సులు తిరిగితే డబ్బు లెక్క ఒక్క పూటలో తేలిపోతుంది. ఎన్ని సాయంత్రాలు పోతాయన్నది మాత్రం ఎవరూ అడగరు. తీరా కాపీలు ఆటోలో ఇంటికి దిగాక, అసలు పని అప్పుడే మొదలైందని తెలుస్తుంది.

ఇక్కడ నమూనాగా తీసుకున్నది సుమారు 45,000 మాటల నవల. డెమ్మీ 1/8 సైజు (ఐదున్నర అంగుళాలు × ఎనిమిదిన్నర), 208 పేజీలు, 500 కాపీలు. మీ పుస్తకం చిన్నదైతే లెక్కను ఆ మేరకు తగ్గించుకోండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి:

- నవల మొత్తం ఒకే యూనికోడ్ (ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చదవగలిగే అక్షరాల పద్ధతి) ఫైలులో. అధ్యాయానికో ఫైలు ఉంటే ముందు కలిపేయండి.
- మీ నవల అంతకుముందు చదవని ఇద్దరు మనుషులు. ఒకరు కథ కోసం, ఒకరు అక్షరదోషాల కోసం.
- డీటీపీ (కంప్యూటర్లో పుస్తకం పేజీలు కట్టే పని) చేసే మనిషి, కవర్ వేసే మనిషి. ఇద్దరూ ఒకరే కానక్కర్లేదు.
- వంటింటి డిజిటల్ తూకం, స్టీలు స్కేలు, పోస్టులో పంపడానికి 300 కవర్లు, టేపు.
- అమ్మకాలకు విడిగా ఒక ఫోన్ నంబరు, దానికి యూపీఐ.
- వారానికి ఎనిమిది గంటలు, తొమ్మిది నెలలపాటు.

చివరిది లేకపోతే పైవన్నీ ఉన్నా మొదలుపెట్టకండి.

1. జనవరి నుంచి వెనక్కి లెక్కేయండి

విజయవాడ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి తొలివారంలో మొదలవుతుంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. కొత్త తెలుగు పుస్తకానికి ఇంతకన్నా మంచి రోజులు ఏడాదిలో లేవు. అంటే డిసెంబరు మొదటి వారానికి కాపీలు చేతిలో ఉండాలి.

అందుకని ప్రెస్సుకు డిసెంబరులో వెళ్తే సరిపోతుందనుకోకండి. నవంబరు సగం దాటాక ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగిపోతాయి. మీ 500 కాపీలు వాళ్లకు చిన్న పని కాబట్టి పక్కకు జరుగుతుంది. నవంబరు 5కల్లా ఫైలు ప్రెస్సులో ఉండేలా చూసుకోండి. మిగతా నెలలు ఇలా పంచుకోవచ్చు: జులై, ఆగస్టు సవరణకు, సెప్టెంబరు ప్రూఫులకు, అక్టోబరు డీటీపీకి, కవరుకు.

2. తల్లి ఫైలు ఒక్కటే ఉండాలి

తెలుగు పుస్తకాల్లో ఎక్కువ పని వృథా అయ్యేది ఇక్కడే. మీరు టైపు చేసింది యూనికోడ్. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే (ఇవి యూనికోడ్ కావు) పని నడుస్తుంది. మీ ఫైలును వాళ్లు అనులోకి మారుస్తారు. ఆ తర్వాత మీరు చెప్పిన దిద్దుబాట్లన్నీ పేజ్‌మేకర్ ఫైలులోనే పడతాయి, మీ యూనికోడ్ ఫైలు పాతదిగానే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత ఈ-బుక్ చేద్దామనుకుంటే దిద్దిన ప్రతి అనులో, దిద్దనిది మీ దగ్గర. మూడు వందల తప్పులు మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి.

దీనికి మందు ఒకటే. దిద్దుబాట్లన్నీ యూనికోడ్‌లో పూర్తిచేశాకే ఫైలు డీటీపీకి ఇవ్వండి. అక్కడ బయటపడిన తప్పులను అదే రోజు మీ ఫైలులోనూ దిద్దండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అన్న పేర్లు వద్దే వద్దు.

ఇండిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లు దొరికితే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. మండలి, సూరన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు పుస్తకానికి పనికొస్తాయి. అయితే పేరాగ్రాఫ్ కంపోజర్ (అక్షరాలను వరసలో కూర్చే సెట్టింగు) ఏది ఎంచుకున్నారో అడగండి. భారతీయ లిపులకు పనికొచ్చే వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి.

*పరీక్ష:* మొత్తం ఫైలు ఇచ్చేముందు ఒక్క పేజీ ఇచ్చి చూడండి. అందులో తత్త్వం, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞాపకం, సంస్కృతి, ఱంపం, ఫేస్‌బుక్, ఆర్‌టీసీ, బస్‌స్టాండ్ లాంటి మాటలు పెట్టండి. 'ఫేస్‌బుక్' కాస్తా 'ఫేస్బుక్' అయిందంటే, పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య ఉండే కనిపించని విడదీత గుర్తు మార్పిడిలో రాలిపోయిందన్నమాట. ఆ తప్పు పుస్తకమంతా ఉంటుంది. ఒక్క పేజీలోనే పట్టుకుంటే మార్పిడి పద్ధతి మార్చమనవచ్చు.

3. ప్రూఫు మూడుసార్లు, మూడూ కాగితం మీదే

జాగ్రత్తగా చదివితే గంటకు పది పన్నెండు పేజీలు కన్నా సాగదు. 208 పేజీలకు ఒక విడత దాదాపు 20 గంటలు. మూడు విడతలకు 60. ఈ పనిని ఒక్క వారంలో కుక్కేయాలని చూస్తే, చివరి యాభై పేజీల్లో తప్పులు అలాగే మిగులుతాయి.

మొదటి విడత కథ కోసం. మేనత్త పదో పేజీలో కమల, నూట పదో పేజీలో విమల అయిందా? గుంటూరులో బయల్దేరినవాడు మంగళగిరి దాటాక తెనాలిలో తేలాడా? మొదట్లో 'మీరు' అన్న కోడలు మధ్యలో 'నువ్వు' అంటోందా? పేర్లు, వయసులు, వరసలు, ఊళ్లు ఒక కాగితం మీద పట్టికగా రాసుకుని పక్కన పెట్టుకోండి.

రెండోది అక్షరాల కోసం. ద-ధ, థ-ధ, శ-ష-స, ల-ళ, న-ణ. మూడోది డీటీపీ అయ్యాక, పేజీలు కట్టిన ప్రింటు మీద. ఇక్కడ చూడవలసినవి వేరు: పేరా చివరి ఒక్క మాట తర్వాతి పేజీకి ఎగిరిందా, కొటేషన్ గుర్తు మూసుకుందా, అధ్యాయం సంఖ్యలు వరసగా ఉన్నాయా, పేజీ తలమీద పుస్తకం పేరు అన్నిచోట్లా ఒకేలా ఉందా.

మీరు రాసింది మీరే చదివితే తప్పు కనిపించదు. ఉండవలసిన మాటను కన్నే పూరించుకుంటుంది. అందుకే రెండో విడత ప్రూఫు రీడరుకు డబ్బిచ్చి చేయించండి. బడ్జెట్టు బిగుతుగా ఉంటే కవర్ లామినేషన్‌లో తగ్గించుకోండి గానీ ఇక్కడ కాదు. ఆమాత్రం కూడా వీల్లేకపోతే చివరి అధ్యాయం నుంచి మొదటికి వెనక్కి, గొంతెత్తి చదువుతూ రండి. కథలో పడి కొట్టుకుపోకుండా ఉంటారు.

ఇంకో మాట. పాత్రలు పాడుకునే సినిమా పాటల పల్లవులు మొత్తానికి మొత్తం ఎత్తి రాసి ఉంటే ఇప్పుడే తీసేయండి, లేదా హక్కుదారుల అనుమతి తెచ్చుకోండి. రచయిత పోయిన 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది.

4. ఐఎస్‌బీఎన్

పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే 13 అంకెల సంఖ్య ఇది. మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో రచయితే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. "నంబరు ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అనేవాళ్లకు మీరిచ్చేది ఫారం నింపిన కూలీ మాత్రమే. చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా ఆన్‌లైన్ అమ్మకాలకూ లైబ్రరీలకూ పనికొస్తుంది. అచ్చుకు ఒకటి, ఈ-బుక్‌కు వేరొకటి కావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి ఆగస్టులోనే దరఖాస్తు పెట్టేయండి.

*పరీక్ష:* మొదటి 12 అంకెలను వరసగా 1, 3, 1, 3తో గుణించి కూడండి. ఆ మొత్తానికి పై పదికి చేరడానికి ఎంత తక్కువో అదే పదమూడో అంకె కావాలి. మొత్తం సరిగ్గా పదులకు వస్తే చివరి అంకె సున్నా. తేడా వస్తే ఎక్కడో అంకె తారుమారైంది. బార్‌కోడును ప్రింటు తీసి ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

5. కాగితం, ఫారాలు, కవర్

ప్రెస్సు లెక్క ఫారాల్లో ఉంటుంది. ఫారమంటే ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల గుంపు. డెమ్మీ 1/8లో ఫారానికి 16 పేజీలు. 208 అంటే సరిగ్గా 13 ఫారాలు. 211 పేజీలు వచ్చాయంటే మూడు పేజీల కోసం ఇంకో ప్లేటు, ఇంకొంత కాగితం. ముందుమాట కుదించో, రెండు అధ్యాయాలను కలిపి పోనిచ్చో 208లోకి తెచ్చుకోండి.

లోపలి కాగితం 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం తూకం, గ్రాముల్లో) మ్యాప్‌లితో చాలు. 'ఇంకాస్త మందంగా 80 వేద్దాం' అని ప్రెస్సాయన అంటే తూకం గుర్తు చేసుకోండి. 208 పేజీల పుస్తకం 70 మీద కవరుతో కలిపి 240 గ్రాముల దగ్గర ఉంటుంది. 80 మీద 270 అవుతుంది. పోస్టు కవరు, అట్ట చుట్టేసరికి 300 గ్రాములు దాటొచ్చు, పోస్టాఫీసులో పై శ్లాబు పడుతుంది. ప్రతి కాపీకీ, ప్రతిసారీ.

కవరుకు 250 నుంచి 300 జీఎస్ఎమ్ ఆర్టు బోర్డు. గూగుల్‌లో దొరికిన బొమ్మ వాడకండి. చిత్రకారుడితో అయినా, ఫొటో తీసినవారితో అయినా ఒక మెయిల్‌లో అనుమతి రాయించుకోండి. ఫైలు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి), చుట్టూ కత్తిరింపుకు 3 మి.మీ. అదనం.

వెన్ను మందం ఊహించి వేయొద్దు. 208 పేజీలంటే 104 ఆకులు. ప్రెస్సులో అదే కాగితం 104 ఆకులు తీసి, అదిమిపట్టి స్కేలుతో కొలవండి. 10 మి.మీ. దగ్గర వస్తుంది. ఈ కొలత లేకుండా కవర్ చేయించినవాళ్ల పుస్తకాల్లో పేరు వెన్ను మీద నుంచి అట్ట మీదకు జారి ఉంటుంది.

6. మూడు కొటేషన్లు, ఒకే కాగితం మీద

సైజు, పేజీలు, కాగితం జీఎస్ఎమ్, కవర్, లామినేషన్, బైండింగు, కాపీలు, గడువు రాసిన ఒకే కాగితాన్ని ముగ్గురికీ ఇవ్వండి. నోటిమాటగా అడిగితే ఒకరు 60 జీఎస్ఎమ్‌కు, మరొకరు 70కి చెబుతారు. తక్కువ చెప్పినవాడు చవకని మీరు మురిసిపోతారు. జీఎస్టీ కలిపి ఉందో లేదో, బండిల్ కట్టి ఇంటికి పంపడం అందులోకే వస్తుందో లేదో అడగండి.

కాపీలు రెండు మూడు వందల లోపైతే డిజిటల్ (ఫైలు నుంచి నేరుగా ప్రింటు), పైనైతే ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. వెయ్యి వేస్తే కాపీ ధర ఎంత తగ్గుతుందో చూపించి ఊరిస్తారు. తగ్గడం నిజమే. అమ్ముడుపోని ఐదు వందల కాపీల ఖరీదు మాత్రం ఆ లెక్కలో కనిపించదు. మొదటి నవలకు 500 దాటొద్దు. అనుమానంగా ఉంటే 200 డిజిటల్‌లో వేసి చూడండి.

అచ్చుకు ముందు ఒక డమ్మీ కాపీ కట్టించుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి, సంతకం పెట్టి ఇవ్వండి. ఫోన్‌లో పీడీఎఫ్ చూసి "ఓకే" అనడం డమ్మీ చూడడం కాదు.

7. ధర

ఉదాహరణకు డీటీపీ, ప్రూఫు, కవర్, అచ్చు అన్నీ కలిపి కాపీకి రూ. 90 పడిందనుకుందాం. 500కి రూ. 45,000. ధర కనీసం రెండున్నర రెట్లు, అంటే రూ. 225 పెట్టాలి. ఎందుకంటే షాపులు, పంపిణీదారులు మూడోవంతు నుంచి సగం దాకా కమీషన్ తీసుకుంటారు. 40 శాతం అనుకుంటే మీకొచ్చేది 135. అన్నీ షాపుల ద్వారానే పోతే పెట్టుబడి తిరిగి రావడానికి 334 కాపీలు అమ్మాలి. నేరుగా పోస్టులో పంపితే పోస్టేజీ, ప్యాకింగు పోను 195 దాకా మిగులుతుంది, 231 కాపీలతో గట్టెక్కుతారు. అయితే ఆ 231 ప్యాకెట్లూ కట్టవలసింది మీరే. ఒక్కోదానికి అడ్రసు రాయడంతో సహా పది నిమిషాలు. దాదాపు 40 గంటలు.

ఉచిత కాపీలకు ముందే గీత గీయండి: 50. అందులో పత్రికల సమీక్షకు 20 (పత్రికకు రెండేసి), సాయం చేసినవాళ్లకు 26, చట్టప్రకారం గ్రంథాలయాలకు 4. ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం. ఆ యాభైకీ పేర్లు రాసిపెట్టుకోకపోతే పెళ్లిళ్లలో, ఆఫీసులో, బంధువులింట్లో పంచుకుంటూ పోతారు. చివరకు లెక్క చూస్తే నూటయాభై తేలుతుంది.

8. కాపీలు దిగిన రోజు

ఆవిష్కరణ ఫొటోల కంటే ముందు ఇది చూడండి. బండిల్‌కు ఒక కాపీ చొప్పున బయటకు తీసి, 16-17, 32-33, 48-49 పేజీల దగ్గర తిప్పండి. ఫారం తప్పినా, రెండుసార్లు పడినా, తలకిందులైనా ఈ అతుకుల దగ్గరే తెలుస్తుంది. తర్వాత నడిమికి తెరిచి గట్టిగా నొక్కండి. ఆకు ఊడొస్తే గమ్ము పట్టలేదు. వేడి గమ్ము ఎండకు మెత్తబడుతుంది కాబట్టి ఏప్రిల్లో మన ఎండకు కారు డిక్కీలో వదిలేసిన పుస్తకాలు వదులవడం మామూలే. కుట్టు బైండింగుకు కాస్త ఎక్కువవుతుంది, వీలుంటే అదే మేలు. లోపమున్న కాపీలను వారంలోగా వెనక్కిచ్చి మార్పించుకోండి. బిల్లులో చివరి పాతిక శాతం అప్పటిదాకా చేతిలో ఉంచుకోవడం మంచిది.

500 కాపీలంటే 120 కిలోలు. మంచం కింద పడతాయనుకుంటారు, పట్టవు. గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టండి, చెదపురుగు మందు మర్చిపోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బెజవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. కింది అంతస్తులో ఉండేవాళ్లు అటక చూసుకోండి.

9. పోస్టు

2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా రూ. 20, 5 కిలోలకు రూ. 100, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది, రోడ్డు, రైలు మార్గాన పోతుంది కాబట్టి నెమ్మది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రణాలయం పేరో తప్పనిసరి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మీ పుస్తకం చివర ఫలానా జ్యూయెలర్స్ వారి అభినందనలు అచ్చేయించారా, కౌంటరులో చిక్కే. తొందరగా అందాలంటే స్పీడ్ పోస్ట్.

రోజూ ఒక్కో ప్యాకెట్ పట్టుకుని పోస్టాఫీసుకు పరిగెత్తకండి. మంగళ, శుక్రవారాలు పెట్టుకుని ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పండి. అడ్రసు, పిన్ కోడ్, ఫోన్ నంబరు ఒకే మెసేజ్‌లో పంపమనండి. డబ్బు వచ్చిన తేదీ, పంపిన తేదీ, ట్రాకింగ్ నంబరు ఒకే పట్టికలో ఉండాలి. "నా పుస్తకం రాలేదండీ" అనే ఫోన్లు పదో రోజున మొదలవుతాయి. అప్పుడు వెతుక్కోవడం కష్టం.

10. షాపులు

విజయవాడలో ఏలూరు రోడ్డు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, హైదరాబాద్‌లో కాచిగూడ. షాపుకు పదేసి కాపీలు చాలు. చలాన్ రెండు ప్రతులు రాసి పేరు, కాపీలు, కమీషన్, తేదీ వేసి సంతకం తీసుకోండి. చలాన్ లేకుండా ఇచ్చినవి ఇచ్చేసినట్టే లెక్క. పై ఊళ్లకు కట్టలు ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. పంపాక రసీదు ఫొటో షాపతనికి పంపకపోతే కట్ట అక్కడే పడి ఉంటుంది.

డబ్బు వాళ్లంతట వాళ్లు పంపుతారని ఆగొద్దు. మూడు నెలలకోసారి స్వయంగా వెళ్లి, మిగిలినవి ఎన్నో కళ్లతో చూసి, అమ్మినవాటికి తీసుకోండి. గొడవపడే మాట కాదిది, వాళ్లకూ అలవాటే.

పుస్తక మహోత్సవంలో ఒక్క పుస్తకం కోసం సొంత స్టాలు తీసుకోకండి. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోవడమో, పంపిణీదారు స్టాల్లో 30 కాపీలు పెట్టడమో నయం. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిదాకా మీరక్కడ ఉండాలి. రాత్రి మూసేముందు కాపీలు లెక్కపెట్టి రాసుకోండి.

11. ప్రచారం

రోజుకో పోస్టు పెట్టాలన్న పట్టుదల మూడో వారానికి చల్లబడుతుంది. నవంబరులోనే, ప్రెస్సులో పని జరుగుతున్నప్పుడు, ఎనిమిది తునకలు ఎంచి పెట్టుకోండి. ఒక్కోటి 150 మాటలు, తనంతట తాను చదివించాలి, ముగింపు బయటపెట్టకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లో వారానికొకటి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో.

కొనే వివరాలు ఒక్క మెసేజ్‌లో ఉండాలి: కవర్ ఫొటో, నాలుగు లైన్లు, ధర పోస్టేజీతో కలిపి, యూపీఐ నంబరు, పంపే రోజులు. ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే మీరు లేకుండానే అర్థమవ్వాలి. చాలామంది ధర రాయడం మర్చిపోతారు. "ఎంతండీ?" అని అడిగే ఓపిక కొనేవాడికి ఉండదు.

చదివినవాళ్లను రెండు వాక్యాలు రాసివ్వమని, బయట పెట్టుకోవచ్చా అని అడగండి. పత్రికలకు కాపీలు పంపి వదిలేయండి. సమీక్ష వచ్చినప్పుడు వస్తుంది, వారం వారం ఫోన్ చేస్తే రాదు.

ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, మెమెంటోలు, టిఫిన్లు అంటూ పోతే అచ్చు ఖర్చులో సగం అక్కడే అయిపోవచ్చు. సరదా ఉంటే చేసుకోండి. అమ్మకాల కోసమైతే అక్కర్లేదు.

12. ఈ-బుక్, మార్చిలో

అచ్చు పుస్తకం వేగం తగ్గాక చాలు. ఏ వేదిక మీద పెడుతున్నా భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో ముందు చూడండి. జాబితాలో లేని భాష పుస్తకాన్ని వేరే భాష పేరుతో ఎక్కిస్తే తర్వాత తీసేసే ప్రమాదం ఉంది. దిద్దిన యూనికోడ్ ఫైలు నుంచి ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) చేయించి చిన్న ఫోన్‌లో, పెద్ద అక్షరాలతో ఐదు అధ్యాయాలు తిప్పి చూడండి.

మార్చి 31న మిగిలిన కాపీలు ఇంట్లో ఎన్ని, షాపుల్లో ఎన్ని అని లెక్కపెట్టండి. రెండూ కలిపి యాభై లోపుంటేనే రెండో ముద్రణ ఆలోచన, అదీ వంద కాపీలు డిజిటల్‌లో. పేజ్‌మేకర్ ఫైలు, వాడిన ఫాంట్లు, ప్రెస్సుకు పోయిన పీడీఎఫ్, కవర్ అసలు ఫైలు డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారో లేదో ఆ రోజే చూసుకోండి. అక్కడ కంప్యూటర్ మారిస్తే మళ్లీ దొరకవు.